ఇంటిపన్ను మదింపు: దానిని చదువు విధము, సరిచేయించుకొను విధము

పన్ను నోటీసు ఇంటికి వచ్చిన దినమున మన పల్లెలలో మూడు తెఱంగుల ప్రవర్తనలు కానవచ్చును. కొందఱు దానిని చూచినంతనే భయపడి, అప్పుచేసియైనను చెల్లించివేయుదురు. కొందఱు కోపించి, నోటీసు తెచ్చినవానితో వాదులాడి, చెల్లించక ఊరకుందురు. మఱికొందఱు దానిని మడిచి చూరులో దోపి మఱచిపోవుదురు. ఈ మూడు తెగలవారిలో ఒక్కరును ఆ కాగితమును మొదటినుండి తుదివఱకు చదివి యుండరు. చదివినచో ఒక సంగతి తేటపడును. పన్ను మొత్తము ఒకరి కోపముచేత గాని, దయచేత గాని ఏర్పడినది కాదు. అది ఒక లెక్కకు వచ్చిన జవాబు. లెక్కలో వేసిన అంకె తప్పైనచో జవాబును తప్పే యగును. తప్పిన లెక్కను దిద్దింపవచ్చునని మన బడిలోని చిన్నపిల్లవాడును ఎఱుగును. పెద్దలు మాత్రమే ఈ విషయమున దానిని మఱచుచున్నారు.

హరిశ్చంద్రపురము, కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతములందును, ఉద్దానపు తీరమునను మన విద్యార్థుల యిండ్లు పెక్కులు కలవు. వానిలో పెంకుటిండ్లు, రేకుల యిండ్లు, డాబాలు, కొబ్బరాకు కప్పిన పాకలు అన్నియు నున్నవి. వీని యజమానులలో చాలమందికి ఏటేటి రెండువందల రూపాయల హెచ్చుతగ్గు కూడ చిన్నమాట కాదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధితో బాధపడు కుటుంబములకు మందులకే ధనము చాలకున్నది. కావున ఈ పన్ను లెక్కను గూర్చి నాలుగు మాటలు తేటగా తెలిసికొనుట విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగకరమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

పన్ను వేయు అధికారము ఎక్కడిది?

మన రాజ్యాంగములోని 265వ అధికరణము చట్టము యొక్క అధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదనియు, వసూలు చేయరాదనియు శాసించుచున్నది. కావున ఏ పన్ను విషయమునను "ఇది ఏ చట్టము క్రింద వేయబడినది?" అని అడుగుట అవిధేయత కాదు, పౌరుని ధర్మము.

ఇంటిపన్ను మనకు క్రొత్తది కాదు. 1936 వఱకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. 1884 నాటి మద్రాసు స్థానికసంస్థల చట్టము ప్రకారము కొన్ని గ్రామములను యూనియనులుగా కూర్చి, అచ్చట ఇంటిపన్ను వేయు పద్ధతి ఆనాడే కలదు. అప్పటి రైతు భూమికి శిస్తు జమీందారునకు కట్టెడివాడు, ఇంటిపన్ను వేఱు. ఈనాటికిని కొందఱు వృద్ధులు ఈ రెంటిని ఒక్కటిగా తలంచి, "పొలమునకు కట్టితిమి గదా, ఇంటికి మరల నేల?" అని యడుగుదురు. శిస్తు ప్రభుత్వమునకు చెందును. ఇంటిపన్ను మన గ్రామపంచాయతీకే చెంది, వీధిదీపములకు, త్రాగునీటికి, మురుగు కాలువలకు ఉపయోగపడును.

నేడు మన గ్రామములందు ఈ పన్నునకు ఆధారము 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము. అందలి 60, 61 సెక్షనులు ఇంటిపన్నును గూర్చినవి. పన్నును ఏటేట విధింపవలెననియు, నియమములలో వేఱుగా చెప్పిననే తప్ప, సంవత్సరము ప్రారంభమైన ముప్పది దినములలో యజమాని చెల్లింపవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. పన్ను బకాయి ఆ యింటిమీదనే భారమై నిలుచును. కావున నోటీసును చూరులో దోపినంత మాత్రమున అది పోదు. ఇల్లున్నంత కాలము వెంటనంటి యుండును.

మదింపు అనగా నేమి?

ఇంటికి ఇంత విలువ అని నిర్ణయించుటకే మదింపు అని పేరు. విలువను ఏ విధముగా కట్టవలెను? చట్టము ప్రధానముగా రెండు మార్గములు చూపుచున్నది. మొదటిది ఏటి అద్దె విలువ. అనగా ఆ యింటిని అద్దెకిచ్చినచో సంవత్సరమునకు న్యాయముగా ఎంత వచ్చునో అది. యజమాని తానే కాపురమున్నను ఈ విలువ ఊహింపబడును. రెండవది మూలధనపు విలువ. అనగా ఆ స్థలమును, కట్టడమును కలిపి వెలకట్టినచో వచ్చు మొత్తము. ఇవి గాక నియమములలో చెప్పబడిన వేఱొక ఆధారమును గ్రహించుటకును చట్టము అవకాశ మిచ్చినది. పంచాయతీ వీనిలో ఏదైన ఒక్కదానినే గ్రహింపవలెను.

ఏ కొలతయు సంపూర్ణము కాదు. ఇంగ్లండు దేశమున 1696 మొదలుకొని 1851 వఱకు ఇంటి కిటికీలను లెక్కించి పన్ను వేయుచుండిరి. కిటికీలు ఎక్కువగా నున్నచో ధనవంతుని యిల్లని వారి యూహ. అంతట జనులు పన్నునకు వెఱచి కిటికీలను ఇటుకలతో మూసివేసి, వెలుతురును గాలియును పోగొట్టుకొనిరి. వెలుపలినుండి ఒక గుర్తును చూచి విలువ కట్టునపుడు ఇట్టి పొరపాటులు కలుగుచుండును. అందుచేతనే మదింపు చేయువారికి అధికార మిచ్చిన చట్టములు, మదింపబడినవారికి విన్నపము చేసికొను హక్కును కూడ ఇచ్చుచు వచ్చినవి.

ఇపుడు పాఠకులు ఒక భేదమును గమనింపవలెను. పన్ను రెండు వస్తువుల గుణకారము: ఒకటి విలువ, రెండవది రేటు. విలువ మీ యింటికి మాత్రమే చెందినది. రేటు ఊరందఱికిని చెందినది. విలువలో తప్పున్నచో మీరొక్కరే అర్జీ పెట్టుకొని సరిచేయించుకొనవచ్చును. రేటు హెచ్చుగా నున్నదని తోచినచో అది ఒంటరి అర్జీతో తీరునది కాదు. దానికి గ్రామసభయే తగిన చోటు. ఈ రెంటిని కలగలిపి, "పన్ను ఎక్కువైనది, తగ్గింపుడు" అని వ్రాసిన అర్జీలు ఫలింపవు. ఏలయన ఏది తప్పో వానిలో చెప్పబడలేదు.

ఒక లెక్క

విద్యార్థులకు బోధపడుటకై ఒక లెక్క చేసి చూపెదను. ఇందలి ధరయు, రేటును నేను కల్పించుకొన్నవే గాని ఏ పంచాయతీకిని చెందినవి కావు. తేటకొఱకై స్థలపు విలువను విడిచి, కట్టడమును మాత్రమే తీసికొందము.

ఒక పెంకుటిల్లు పొడవు 24 అడుగులు, వెడల్పు 20 అడుగులు. వైశాల్యము 480 చదరపు అడుగులు. చదరపు అడుగు 400 రూపాయల వంతున విలువ 1,92,000 రూపాయలు. నూఱు రూపాయలకు 15 పైసల వంతున పన్ను 288 రూపాయలు.

ఇపుడు రిజిస్టరులో ఎక్కించువాడు 24 అను అంకెను తారుమారుగా 42 అని వ్రాసెననుకొందము. వైశాల్యము 840 చదరపు అడుగులగును. విలువ 3,36,000 రూపాయలు. పన్ను 504 రూపాయలు. ఒక్క అంకె తిరుగబడుటచేత ఏటికి 216 రూపాయలు, పదియేండ్లకు 2,160 రూపాయలు ఎక్కువ చెల్లింపవలసి వచ్చుచున్నది. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. కాని దానిని పట్టుకొనగలవాడు ఆ యింటివాడొక్కడే. కార్యాలయమున గూర్చుండి వేయి యిండ్ల పట్టికను చూచువానికి ఆ యిల్లు 24 అడుగులో, 42 అడుగులో ఎట్లు తెలియును?

తప్పులు ఎచ్చట దూరును?

మొదటిది కొలత. ఇంటి లోపలి గదులతో పాటు పెరటిలోని పశువులపాకను, కట్టెలపాకను కూడ కలిపి కొలిచి, అన్నిటిని ఇల్లుగా వ్రాయుట కలదు.

రెండవది ఇంటి తరగతి. పూరిల్లు, రేకుల యిల్లు, పెంకుటిల్లు, డాబా అను భేదమును బట్టి విలువ మాఱును. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటినది. ఉద్దానమున జీడిచెట్లు, కొబ్బరిచెట్లు నేలకూలినవి. ఇండ్ల కప్పులెన్నియో యెగిరిపోయినవి. అట్టి తుపానులో పెంకులు పోయి, తరువాత తాటాకో, రేకులో కప్పుకొన్న యింటిని తలంచుకొనుడు. గాలి ఇంటిని మార్చినది గాని రిజిస్టరును మార్చదు. యజమాని తెలుపనంత కాలము ఆ యిల్లు కాగితముమీద పెంకుటిల్లుగానే నిలిచియుండవచ్చును. కూలిన యిండ్లు, తిరిగి కట్టిన యిండ్లు ఆ యేడు ఎంతవఱకు పన్నునకు లోనగునో నియమముల ద్వారా నిర్ణయింపవలెనని చట్టముననే కలదు. కావున కూలిన దినమును వ్రాసియుంచుకొని వెంటనే తెలుపుట అవసరము.

మూడవది వినియోగము. కాపురపు ఇంటికిని, వ్యాపారపు కట్టడమునకును మదింపు సమానము కాదు. పలాస జీడిపప్పునకు పేరెన్నికగన్నది. వసారాలో కూర్చుండి జీడిపిక్కలు ఒలుచు ఇల్లాలి కష్టమును చూచి ఇల్లంతయు కర్మాగారముగా వ్రాసినచో అన్యాయము. వసారా యెంత, కాపురపు భాగమెంత అని వేఱుగా వ్రాయింపవలెను.

నాలుగవది పేరు. తాతగారు గతించి యిరువది యేండ్లయినను పన్ను ఆయన పేరనే వచ్చుచుండును. ఇల్లు ముగ్గురు కుమారులు పంచుకొన్నను రిజిస్టరులో ఒక్కటిగానే యుండును. నోటీసు ఒకరికి చేరి, గడువు గడచిపోయి, బకాయి మాత్రము ముగ్గురిని కట్టివేయును. పేరు మార్పును వెంటనే కోరుట మేలు. అయితే ఒక మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. పన్ను రసీదు ఒక్కటియే ఇంటిపై హక్కును స్థాపింపజాలదు. అది స్వాధీనమునకు మంచి సాక్ష్యము మాత్రమే. హక్కునకు దస్తావేజు వేఱుగా నుండవలెను.

ఐదవది మినహాయింపు. బీదతనమును బట్టి మినహాయించుటకును, ఖాళీగా నున్న కాలమునకు తగ్గించుటకును నియమములు చేయవచ్చునని 61వ సెక్షను చెప్పుచున్నది. కూలి పనులకై దూరదేశములకు వలసపోయి, ఇంటికి తాళము వేసిన కుటుంబములు మన ప్రాంతమున తక్కువ కావు. అట్టివారు అడుగనిదే ఎవరును ఇంటింటికి వచ్చి ఈయరు. ఇంకొక మాట: అద్దెకున్నవాడు యజమాని తరఫున పన్ను కట్టినచో ఆ మొత్తమును అద్దెలో తగ్గించుకొను హక్కు అతనికి కలదు. రసీదు మాత్రము దాచుకొనవలెను.

చేయవలసిన పని

మొదట నోటీసును పూర్తిగా చదువుడు. దానిమీది తేదీని, అది మీకు చేరిన తేదీని వెనుక వ్రాసికొనుడు. అభ్యంతరమునకు గడువు ఎన్ని దినములో అందే చూచుకొనుడు. అందు కానరాకున్నచో ఆనాడే పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలిసికొనుడు. న్యాయమైన ఫిర్యాదు కూడ గడువు మీఱినచో బలము కోల్పోవును.

పిమ్మట మీ యింటిని గూర్చి రిజిస్టరులో ఏమున్నదో చూడగోరుడు. చూపుటకు ఆలస్యమైనచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద నకలు కోరవచ్చును. సామాన్యముగా ముప్పది దినములలో జవాబీయవలెను. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయములో ఈ దరఖాస్తునకు రుసుము లేదు. అయితే ఆ జవాబుకొఱకు కనిపెట్టుకొని యుండి అభ్యంతరపు గడువును పోగొట్టుకొనరాదు.

తరువాత టేపు తీసికొని ఇంటిని కొలువుడు. ఒక కాగితముమీద పటము గీసి, ప్రతి గోడ కొలతను వ్రాయుడు. ఫోటో తీయించుడు. ఇరుగుపొరుగున అదే తీరు ఇంటికి ఎంత మదింపు వేసిరో తెలిసినచో దానిని కూడ పేర్కొనుడు. అపుడు అర్జీని చిన్నదిగా, మర్యాదగా, ఒక్క విషయముమీదనే వ్రాయుడు. మచ్చు ఇది:

"గ్రామపంచాయతీ కార్యదర్శిగారికి,

ఫలానా సంఖ్యగల యింటి యజమానురాలనైన నేను వ్రాసికొను విన్నపము. నా యింటి పొడవు 42 అడుగులని రిజిస్టరులో వ్రాయబడినది. కొలిచి చూడగా 24 అడుగులుగా నున్నది. ఇంటి పటమును, ఫోటోను జతపఱచితిని. తమరు స్వయముగా గాని, తమ సిబ్బందిచేత గాని ఇంటిని కొలిపించి, మదింపును సరిచేసి, నిర్ణయమును వ్రాతమూలకముగా తెలుపగోరుచున్నాను."

దీనికి రెండు ప్రతులు వ్రాసి, ఒకటి ఇచ్చి, రెండవదానిమీద తేదీతో ముద్ర వేయించుకొని ఇంట నుంచుకొనుడు. ముద్రలేని అర్జీ నీటిమీది వ్రాత వంటిది. నిర్ణయము మీకు అనుకూలముగా రానిచో, కారణమును వ్రాతలో కోరి, పైన ఎవరికి అప్పీలు చేసికొనవలెనో, దాని గడువేమో అప్పుడే అడిగి వ్రాసికొనుడు. అర్జీ విచారణలో నున్నదని చెల్లింపు నిలిపివేయుట క్షేమము కాదు. చెల్లించిన రసీదు చేతనున్నవాని మాటకు బకాయిదారుని మాటకంటె గౌరవ మెక్కువ.

పట్టణమున నున్నవారికి

పలాస, కాశీబుగ్గలు కలిసి ఒక పురపాలక సంఘముగా నున్నవి. పట్టణములలో ఆస్తిపన్నునకు చట్టము వేఱు. అచ్చట చిరకాలము ఏటి అద్దె విలువయే ఆధారముగా నుండెను. ప్రదేశము, కట్టడపు తరగతి, వైశాల్యము, వయస్సు, వినియోగము అను ఐదింటిని బట్టి ఆ విలువ కట్టెడివారు. 2020లో రాష్ట్రప్రభుత్వము చట్టమును సవరించి, రిజిస్ట్రేషను ధరలనుబట్టి వచ్చు మూలధనపు విలువను ఆధారము చేసి, 2021 ఏప్రిలు నుండి క్రొత్త పద్ధతిని పెట్టినది. ఆనాటి నియమములలో కాపురపు ఇండ్లకు నూటికి 10 పైసలు మొదలు 50 పైసలవఱకు రేటు నిర్ణయింపవచ్చుననియు, పన్ను పెరుగుదల వెనుకటి యేటి పన్నుమీద నూటికి 15 వంతులకు మించరాదనియు చెప్పబడినది. కావున పట్టణవాసి చేయవలసిన మొదటి పని, నిరుటి రసీదును ఈ యేటి నోటీసు ప్రక్కనుంచి చూచుట. కొలత, తరగతి, వినియోగము మాఱకుండ పన్ను మిక్కిలి యెగసినచో కమిషనరుగారికి పునర్విచారణకై విన్నపము పెట్టుకొనుటకు అది తగిన కారణము.

రేటే భారమైనపుడు

విలువ సరిగానే యుండి, రేటే మోయరానిదైనచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు తెలుగుదేశపు చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణము కలదు. నేటి బాపట్ల జిల్లాలోని చీరాల, పేరాల గ్రామములను 1919లో ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చెను. ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను సుమారు 40,000 రూపాయలయ్యెను. అచ్చటి జనులలో నేతగాండ్రు, చిన్న వర్తకులు చాలమంది. వలదని వారు ఎన్ని విధముల మొఱపెట్టుకొన్నను ఫలింపలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇల్లువాకిళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, దాదాపు పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చి నివసించిరి. వారు ఇంటిని విడిచినది పన్నుమీది లోభముచేత కాదు. తమ మాట వినబడు చోటు లేకపోవుటచేత.

నేడు అట్టి చోటు కలదు. క్రొత్త పన్నులను, ఉన్న పన్నుల హెచ్చింపును గూర్చిన ప్రతిపాదనలు గ్రామసభ ముందునకు రావలెనని 1994 నాటి చట్టములోని 6వ సెక్షను చెప్పుచున్నది. గ్రామసభ ఏటికి కనీసము రెండు మార్లు కూడవలెను. గ్రామములోని ప్రతి వోటరును అందు సభ్యుడే. చీరాలవారు పదునొకండు నెలలు పాకలలో నుండియు పొందలేని అవకాశము, మనకు ఒక పూట వెళ్లి కూర్చున్నంత మాత్రమున లభించుచున్నది. ఆ పూట చాప ఖాళీగా నుండి, పన్ను నోటీసు వచ్చిన దినమున అరుగులు నిండియుండుట మనకు శోభ కాదు.

ముగింపు

ఒక మాట చెప్పి ముగించెదను. లెక్క సరిచేయించుట అనగా తగ్గించుకొనుట మాత్రమే కాదు. మీ యింటిమీద క్రొత్తగా మేడ వేసియుండి, రిజిస్టరులో పాత పెంకుటిల్లే యున్నచో దానిని కూడ తెలుపవలెను. ఒకడు దాచిన భారము గాలిలో కలిసిపోదు. ప్రక్క యింటి ముసలమ్మ మీద పడును, లేదా వీధిలో ఒక దీపము వెలుగకుండ పోవును. కొలత రెండు వైపులను నిజమైనపుడే దానికి కొలత అని పేరు.

విద్యార్థులారా! మీరు క్షేత్రగణితమున దీర్ఘచతురస్రపు వైశాల్యమును నేర్చికొంటిరి. ఈ సెలవులలో ఒక టేపును తీసికొని, మీ యింటిని కొలిచి, పన్ను రసీదుతో సరిచూడుడు. మీ యమ్మమ్మకు చదువు రానిచో నోటీసును ఆమెకు చదివి వినిపింపుడు. అంకె సరిగా నున్నచో ఆమె నిశ్చింతగా చెల్లించును. తప్పుగా నున్నచో అర్జీ మీరే వ్రాసి, ఆమెచేత వ్రేలిముద్ర వేయించి, ముద్ర పడిన ప్రతిని తెచ్చి ఆమె పెట్టెలో పెట్టుడు. బడిలో నేర్చిన లెక్క ఆ దినమున మీ యింటికి ఉపకరించినదగును.